గ్రూప్ ఫోటోలో ఎవరు ఎక్కడ నిలబడాలి?

ప్రశ్న

రెండు నెలల్లో చెల్లెలి పెళ్లి పెట్టుకున్న ఒక అక్క రాసిన ఉత్తరం ఇది. చాలా పొడవుగా ఉంది కాబట్టి కుదించి, మనుషులు గుర్తుపట్టకుండా మార్చి ఇస్తున్నాం.

ఆమెకు 36 ఏళ్లు. చెల్లెలు ఎనిమిదేళ్లు చిన్న. తొమ్మిదేళ్ల కిందట తన పెళ్లిలో ఫోటోలకే దాదాపు రెండు గంటలు పట్టిందట. "నవ్వీ నవ్వీ దవడలు లాగేశాయి. చివరికి ఎవరి పక్కన నిలబడ్డానో కూడా గుర్తులేదు. నాలుగు వందల పైచిలుకు ఫోటోలు వచ్చాయి. ఆల్బమ్ అల్మరాలో ఉంది, ఏడాదికోసారి కూడా తీయం" అని రాశారు. అదంతా దగ్గరుండి చూసిన చెల్లెలు ఇప్పుడు ఒకటే పట్టు పట్టింది. నిలబెట్టి తీసే ఫోటో ఒక్కటి కూడా వద్దు, ఎవరి మానాన వాళ్లుండగా తీసే క్యాండిడ్‌లు చాలు. "పెళ్లికొచ్చిన పెద్దవాళ్లని స్కూల్ ఫోటోలో పిల్లల్లా వరస కట్టించడమేంటి" అంటుందట.

అమ్మ మాట వేరు. ఫోటోలో లేకపోతే పెళ్లిలో లేనట్టే అంటారావిడ. 86 ఏళ్ల నాయనమ్మ వీల్‌చైర్‌లో ఉంటారు. ఆవిడ అడిగింది ఒక్కటే: "అందరం ఉన్న ఫోటో ఒకటి."

ఆ "అందరం" దగ్గరే చిక్కు. అమ్మానాన్నలు విడిపోయి ఆరేళ్లయింది. మూడేళ్ల కిందట నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆయనా ఆవిడా ఇద్దరూ పెళ్లికి వస్తున్నారు. ఆవిడ ఉన్న ఫోటోలో నేను నిలబడనని అమ్మ. భార్యని వదిలేసి నన్నొక్కణ్ణే రమ్మంటే అది ఆమెకి అవమానమని నాన్న. ఈ గొడవ మధ్యలో చెల్లెలు "ఇందుకే వద్దన్నాను" అని లేచి వెళ్లిపోయిందట.

ఉత్తరం చివర ఇంకో సంగతి రాశారు. "నా పెళ్లిలో పనులన్నీ బాబాయే చూసుకున్నాడు. ఫోటోకి పిలిచినప్పుడల్లా, మీరు కానివ్వండి నేనొస్తా అన్నాడు. నాలుగేళ్ల కిందట పోయాడు. పెళ్లిలో తీసిన మంచి ఫోటో ఒకటి ఇమ్మని పిన్ని అడిగితే నాలుగొందలూ వెతికాను. ఒక్కదాంట్లో ఉన్నాడు. మా అందరి వెనకాల, చేతిలో మడతకుర్చీతో, సగం మొహం."

ఇప్పుడు ఫోటోల లిస్టు రాసే పని ఈవిడ మీదే పడింది. ఫోటోగ్రాఫర్ "అరగంట ఇవ్వండి చాలు, కానీ ఎవరెవరో మీరే పిలవాలి" అన్నారట. పదకొండు గ్రూపుల లిస్టు జతచేశారు. అసలు ఈ ఫోటోలు అవసరమా, చెల్లెల్ని ఒప్పించాలా, నాన్న పక్కన ఎవరు నిలబడాలి, మళ్లీ రెండు గంటలు కాకుండా ఏం చేయాలి అన్నవి ఆవిడ ప్రశ్నలు.

జవాబు

ముందు మీ చెల్లెలి మాటే తీసుకుందాం. ఆ అమ్మాయి అన్నదాంట్లో సగం నిజం ఉంది. మీ పెళ్లిలో రెండు గంటలు తీసినవాటిని నేను గ్రూప్ ఫోటోలు అనను. వచ్చినవాళ్లు వచ్చినట్టు మీ ఇద్దరికీ అటు నలుగురు, ఇటు నలుగురు చేరడం, ఫ్లాష్ మెరవడం, తప్పుకోవడం. అవి పెళ్లికి వచ్చామన్న రసీదులు. రసీదుల కట్ట అల్మరాలో పడి ఉందంటే అందులో వింతేమీ లేదు.

గ్రూప్ ఫోటో చేయాల్సిన పని వేరే. ఆ రోజుకి మావాళ్లంటే వీళ్లూ అని అది చెప్పాలి. ఎవరు కూర్చున్నారు, ఎవరు వెనక నిలబడ్డారు, ఎవరి భుజం మీద ఎవరి చెయ్యి ఉంది అన్నవాటితోనే ఆ మాట చెబుతుంది. క్యాండిడ్‌కి ఆ శక్తి లేదు. క్యాండిడ్‌లో పడేది ఫోటోగ్రాఫర్ కన్ను పడ్డవాళ్లు. పకపకా నవ్వేవాళ్లు, ఏడ్చేవాళ్లు, పరిగెత్తే పిల్లలు, మంచి వెలుతురులో ఉన్నవాళ్లు. గోడ పక్కన నోరు మెదపకుండా కూర్చున్న మేనత్త ఎంత దగ్గరి మనిషో ఆయనకెలా తెలుస్తుంది? ఆయన లెక్కలో మేనత్తా ఒకటే, పక్కింటావిడా ఒకటే. ఆ మాటకొస్తే మడతకుర్చీతో మీ బాబాయి దొరికిన ఫోటో కూడా క్యాండిడే కదా. పని చేసుకునే మనిషిని క్యాండిడ్ అంతవరకే పట్టుకోగలిగింది.

మా ఇంట్లో తాతయ్య పెళ్లినాటి ఫోటో ఒకటుంది. అందులో 23 మంది. లెక్కపెట్టి మరీ చెబుతున్నాను, ఎందుకంటే వాళ్లలో మాకు పేర్లు తెలిసింది తొమ్మిది మందివి. ముందు వరసలో ఒక కుర్రాడు కెమెరా వైపు కాకుండా పక్కకి చూస్తున్నాడు. కుడి చివర నాయనమ్మ చెల్లెలు. ఆవిడ భుజం మీద ఒక చెయ్యి ఉంది. చెయ్యి మాత్రమే. మణికట్టు దగ్గరే ఫోటో అయిపోయింది. వేళ్లు పొడుగ్గా ఉన్నాయి, భుజాన్ని కాస్త గట్టిగానే పట్టుకున్నట్టున్నాయి. అదెవరి చెయ్యో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. ఆ ఫోటో దించి తుడిచినప్పుడల్లా మేం మాట్లాడుకునేది మాత్రం పెళ్లికొడుకు గురించి కాదు, ఆ చెయ్యి గురించే.

బాగా రావాలన్న బెంగ కూడా కాస్త తగ్గించుకోండి. బ్రిటన్ రాణి విక్టోరియా పెళ్లి 1840లో జరిగింది. ఫోటో తీసే పద్ధతి లోకానికి వెల్లడైందే 1839లో కాబట్టి ఆవిడ పెళ్లికి ఫోటో లేదు. 1858 జనవరి 25న పెద్ద కూతురి పెళ్లినాటికి ఆ యోగం పట్టింది. పెళ్లికూతుర్నీ తల్లిదండ్రుల్నీ కలిపి డాగెరోటైప్ అనే రాగిరేకు ఫోటో తీశారు. ఆ రోజుల్లో కాసేపు కదలకుండా ఉండాలి. కూతురూ తండ్రీ బాగానే వచ్చారు, రాణిగారి మొహం మాత్రం అలికినట్టు వచ్చింది. వణికిపోవడం వల్ల తన బొమ్మ స్పష్టంగా రాలేదని ఆవిడే డైరీలో రాసుకుంది. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. ఆ మసకే లేకపోతే అందులో తల్లి కనిపించేది కాదు, రాణి కనిపించేది.

ఇక మీ చెల్లెలి "ఇందుకే వద్దన్నాను" దగ్గరికి వద్దాం. ఉత్తరంలో మీరు దాన్ని కోపంగా రాశారు. నాకు అది భయంగా వినిపించింది. నలుగురి ముందు, కెమెరా ఎదుట, అమ్మ ఒక పక్క, నాన్న ఒక పక్క, మధ్యలో తను. ఎవరో "మీరు ఇటు రండి" అంటారు, ఎవరో రారు, అందరూ చూస్తుంటారు. ఆ ఒక్క నిమిషం తప్పించుకోవడానికి మొత్తం గ్రూప్ ఫోటోలే వద్దంటోందేమో. స్కూల్ ఫోటో మాట పైకి చెప్పుకోవడానికి బాగుంటుంది, అంతే. నా ఊహ తప్పు కావచ్చు. కనుక్కోవాలంటే "ఫోటోలు కావాలా వద్దా" అని అడగకండి, వద్దనే అంటుంది. "ఏ ఫోటో తలచుకుంటే నీకు టెన్షన్?" అని అడగండి. అది నాన్నగారి ఫోటో అయితే, మిగతావాటితో తనకి పేచీ లేనట్టే.

ఒకవేళ నిజంగానే ఒక్కటీ వద్దనుకుంటే, ఆ దారి కూడా ఉంది. పెళ్లి తనది. కానీ దాని వెనక ఏమొస్తుందో తనకి చెప్పండి. గ్రూప్ ఫోటో లేదని ప్రకటించినంత మాత్రాన జనం ఊరుకోరు. సాయంత్రమంతా ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని "ఒక్కటి, ఒక్కటే ఒక్కటి" అంటూ తన భుజం తడుతూనే ఉంటారు. ఇరవై నిమిషాల్లో పోయేది ఐదు గంటలు సాగుతుంది, పైగా ఒక్కదాంట్లోనూ అందరూ ఉండరు. నాయనమ్మగారు అడిగిన ఫోటో మాత్రం ఎప్పటికీ ఉండదు.

రెండో దారి మీరు పంపిన పదకొండు గ్రూపులు. కాగితం మీద ఒక్కోటి మూడు నిమిషాలే. కానీ మనుషులు మూడు నిమిషాల్లో దొరకరు. ఒకరు బాత్రూమ్‌లో ఉంటారు, ఒకరు కారు పెట్టడానికి వెళ్తారు, ఇంకొకరు వాళ్లని వెతకడానికి వెళ్లి తనూ మాయమవుతారు. పదకొండు అంటే గంటకి తక్కువ కాదు. మీ లిస్టులో ఆఫీసువాళ్లు, కాలేజీవాళ్లు, పాత ఇంటి పక్కవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లందరూ మీ చెల్లెలికి ఇష్టులే, కాదనను. కానీ ఆ ఫోటోలు తర్వాత నవ్వుకుంటూ తీసుకునేవి. వరసలో నిలబెట్టి తీయక్కర్లేదు.

నేను మొగ్గేది మూడో దారికి. ఐదే ఐదు. రెండు వైపుల దగ్గరివాళ్లందరూ ఉన్న పెద్దది ఒకటి, మీ అమ్మగారి వైపు ఒకటి, నాన్నగారి వైపు ఒకటి, పెళ్లికొడుకు వైపు ఒకటి, మీ అక్కచెల్లెళ్లూ కజిన్లూ ఒకటి. మీ చెల్లెలికి ఫోటోల సంఖ్య చెప్పకండి, టైమ్ చెప్పండి. ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ఆగిపోతుందో గడియారం చూపించి చెబితే ఒప్పుకోవడం తేలిక. ఆగిపోయే టైమ్‌కి నిజంగా ఆపేయాలి సుమా. "ఇంకొక్కటి" అని మీరే మొదలుపెడితే తన భయం నిజమైనట్టే.

ఎప్పుడు తీయాలన్నది మీ ఏర్పాట్లను బట్టి ఉంటుంది. పెళ్లికి ముందైతే మొహాలు తాజాగా ఉంటాయి, కానీ ఆలస్యంగా వచ్చేవాళ్లు తప్పిపోతారు. పెళ్లి కాగానే అయితే అందరూ ఉంటారు, కానీ భోజనాలంటూ చెదిరిపోతారు. రెండోదే నయం అంటాను, కాకపోతే ఎవరెవరు ఆగాలో ముందు రోజే వాళ్లకి ఫోన్ చేసి చెప్పి ఉండాలి. అక్కడికక్కడ మైకులో పిలిస్తే పిలవనివాళ్లు వస్తారు, పిలిచినవాళ్లు రారు.

ఇప్పుడు అసలు ముడి, నాన్నగారి విషయం.

చాలా ఇళ్లలో చేసేది విడివిడిగా తీయడం. అమ్మతో ఒకటి, నాన్న దంపతులతో ఒకటి. ఎవరికీ దెబ్బ తగలదు. కాకపోతే అందరూ ఉన్న ఫోటో ఉండదు. నాయనమ్మగారికి ఆ మాట ముందే చెప్పాలి. ఆవిడ మీ నాన్నగారి తల్లి. కొడుకూ కోడలూ విడిపోయినా మీ అమ్మగారిని వదులుకోలేదని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. ఆవిడ "అందరం" అన్నది తెలియక కాదేమో.

రెండోది, ముప్పై మంది ఉన్న పెద్ద ఫోటోలో అందరినీ ఉంచడం. వధూవరులకి ఒక వైపు మీ అమ్మగారు, ఆవిడ అన్నదమ్ములు. రెండో వైపు నాన్నగారు, పక్కనే ఆయన భార్య. మధ్యలో పది మంది. అంత మందిలో అది ఒకే ఫోటో అన్నమాటే గానీ, పక్కపక్కన నిలబడ్డట్టు కాదు. అమ్మగారు "ఆవిడ ఉన్న ఫోటోలో నిలబడను" అన్నారు. ఆ మాటకి లోపల అర్థం ఏంటో నాకు తెలియదు. ఒకే ఫ్రేములో ఉండటమే ఇష్టం లేదా, పక్కన నిలబడాల్సి వస్తుందన్న భయమా, తన చోటులో వేరే మనిషిని చూస్తారన్న బాధా? మొదటిదైతే ఇక చేసేదేం లేదు, ఆవిడ మాట ఆవిడది. రెండోదీ మూడోదీ అయితే ఎవరెక్కడ నిలబడతారో కాగితం మీద గీసి చూపిస్తే మనసు మారొచ్చు. ఇది అడగాల్సింది మీరు కాదు, మీ చెల్లెలు. అదీ ఒక్కసారే, ఇంట్లో, పెళ్లికి చాలా ముందు. కాదంటే కాదు. ఆ రోజు కెమెరా ముందు మళ్లీ అడిగితే అది అడగడం కాదు, ఇరికించడం.

మూడోది కొందరు చేస్తారు, నాకు అసలు నచ్చదు. అందరినీ నిలబెట్టి, "ఆవిడ ఒక్క నిమిషం పక్కకి ఉండండి" అని ఒకటి తీసి, తర్వాత ఆవిడని రమ్మని అమ్మని పక్కకి పంపి ఇంకొకటి తీయడం. చూడటానికి సమానంగానే ఉంటుంది. ఆ పక్కకి నడిచే నాలుగు అడుగుల్లో ఆ మనిషి మీద ముప్పై జతల కళ్లుంటాయి. విడిగా తీయాలనుకుంటే ఆ సంగతి పిలిచే వరసలోనే దాచేయొచ్చు. ముందు అమ్మగారి వైపువాళ్లని పిలవండి. అది కాగానే వాళ్లందరినీ ఎవరైనా భోజనాలకి తీసుకెళ్లిపోవాలి. తర్వాత పెళ్లికొడుకు వైపు. ఆ తర్వాతే నాన్నగారి వైపు. ఎవరూ ఎవర్నీ దాటుకుని వెళ్లక్కర్లేదు, తప్పుకోమని ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ, అడగాలనుకున్నట్టు అనిపించింది. అమ్మ, నాన్న, మీ ఇద్దరూ, నలుగురే ఉన్న ఫోటో. మీ పెళ్లిలో అది ఉంది, చెల్లెలి పెళ్లిలో ఉండదు. అది మీ చెల్లెలికి కావాలా, మీకు కావాలా చూసుకోండి. తనకి కావాలంటే జనం లేని చోట, ఉదయం ఎవరూ రాకముందు ఐదు నిమిషాలు అడగొచ్చు. నాన్నగారు అప్పుడు తన భార్యకి ముందే చెప్పి రావాలి. మీకే కావాలనిపిస్తే, ఈసారికి అడగకండి.

ఎలా తీసినా ఒక పొరపాటు మాత్రం చేయొద్దు. నాన్నగారి భార్యని వరసకి చిట్టచివర నిలబెట్టకండి. చివర ఉన్న మనిషిని చూడగానే కత్తెరకి వీలుగా పెట్టారనిపిస్తుంది, ఆవిడకి ముందు అనిపిస్తుంది. ఫోటోగ్రాఫర్ చోటు చాలక వైడ్ లెన్స్ పెడితే అంచున ఉన్నవాళ్లు పక్కకి సాగిపోయి లావుగా కూడా వస్తారు. అవమానం పైన అవమానం. ఫోటోగ్రాఫర్‌ని కుదిరినంత వెనక్కి వెళ్లి తీయమనండి, రెండు చివర్లా ఎవరు నిలబడ్డా పట్టించుకోని కజిన్ కుర్రాళ్లని పెట్టండి. వాళ్లకి సాగినా నష్టం లేదు.

ఇంకో చిన్న మాట. ఉత్తరం మొత్తంలో మీరు ఆవిడని "ఆవిడ" అనే రాశారు. నేనూ అదే పట్టుకున్నాను. లిస్టులో మాత్రం పేరు రాయండి. ఆ రోజు పిలిచేవాళ్లు "ఆవిడా, రండి" అని పిలవలేరు కదా.

తీసే పనిలో మీకు తెలిసి ఉంటే మంచి చేసే సంగతులు కొన్ని చెబుతాను. ముందు రోజు అదే టైమ్‌కి ఆ చోటికి వెళ్లి వెలుతురు చూడండి. నడినెత్తి మీద ఎండ ఉంటే కళ్ల కింద గుంటలు, ముక్కు కింద నీడ, అందరూ కళ్లు చికిలించుకుని ఉంటారు. భవనం నీడ పడే చోటు, ఎదురుగా ఆకాశం బాగా కనిపించేది దొరికితే అంతకంటే అదృష్టం లేదు. మబ్బు పడితే సంతోషించండి. చెట్టు కింద అందంగా ఉంటుందనిపిస్తుంది గానీ, ఆకుల సందుల్లోంచి పడే ఎండ మొహాల మీద మచ్చలు మచ్చలుగా వస్తుంది. రాత్రిపూట లోపలైతే ఫ్లాష్ తప్పదు. దాని వెలుగు దూరంతో చాలా వేగంగా తగ్గిపోతుంది. ముందు వరస రెండు మీటర్ల దూరంలో, వెనక వరస మూడు మీటర్లలో ఉంటే వెనకవాళ్లకి అందేది ముందువాళ్ల వెలుగులో సగం కూడా కాదు. అదే ఫ్లాష్ ముందు వరసకి ఆరు మీటర్ల దూరం వచ్చేలా వెనక్కి జరిగితే, ఏడో మీటర్లో ఉన్నవాళ్లకి దాదాపు ముప్పావు వంతు అందుతుంది. ముందువాళ్లు తెల్లగా, వెనకవాళ్లు దయ్యాల్లా వచ్చిన ఫోటోల రహస్యం ఇదే. మీ ఫోటోగ్రాఫర్‌కి ఇది తెలిసే ఉంటుంది. చోటు లేకపోతే ఆయన మాత్రం ఏం చేస్తారు? చోటు చూపించడం మీ వంతు. రెండు మూడు వరసలున్నప్పుడు అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే కంత, ఎఫ్/8 దగ్గర పెడతారా అని ఒక మాట అడగండి. నేపథ్యం మసకబారితే అందం అనుకుని, కంత బాగా పెద్దదయ్యే ఎఫ్/1.8లో తీస్తే నేపథ్యంతో పాటు వెనక వరస మామయ్యలు కూడా మసకబారతారు.

నాయనమ్మగారి వీల్‌చైర్ విషయం ముఖ్యం. అందరూ నిలబడి, ఆవిడొక్కరే కింద కూర్చుని ఉంటే ఆవిడ చుట్టూ ఒక గొయ్యి తవ్వినట్టు ఉంటుంది. ఆవిడకి అటూ ఇటూ కుర్చీలు వేసి, ఆవిడ వయసు వాళ్లనీ, మీ అమ్మగారినీ కూర్చోబెట్టండి. తలలన్నీ ఒక ఎత్తుకి వస్తాయి, అప్పుడది ముందు వరస అవుతుంది. వధూవరులు ఆవిడ వెనకే, భుజం మీద చెయ్యి వేసేంత దగ్గరగా. ఆవిడని చివర్లో తీసుకొచ్చి, ముందుగా పంపించేయండి. పిల్లలకీ అదే సూత్రం.

పెద్ద ఫోటోకి ఫోటోగ్రాఫర్ నిచ్చెనో, మెట్లో ఎక్కితే వెనక వరస మొహాలు కనిపిస్తాయి. నిలబడినవాళ్లకి చెప్పాల్సింది ఒక్క మాట: "రెండు కళ్లకీ లెన్స్ కనిపిస్తోందా?" కనిపించకపోతే లెన్స్‌కి వాళ్లూ కనిపించరు. వాళ్లే సర్దుకుంటారు. ఇక ఫోన్లు. ఫోటోగ్రాఫర్ పక్కన పది మంది ఫోన్లు పట్టుకుని నిలబడితే ముప్పై మంది పది దిక్కులకి చూస్తారు. ముందు ఆయన తీశాక ఒక అర నిమిషం ఫోన్లవాళ్లకి ఇస్తామని ముందే చెబితే ఆగుతారు. వద్దంటే ఎవరూ ఆగరు.

కళ్లు మూసుకోవడం గురించి మీ అమ్మగారి బెంగ కూడా రాశారు. దానికి లెక్క ఉంది, నవ్వుకోకండి. ఆస్ట్రేలియాలోని సీఎస్‌ఐఆర్‌ఓ అనే పరిశోధన సంస్థకి చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ దాన్ని కట్టి 2006లో గణితంలో ఇగ్ నోబెల్ బహుమతి అందుకున్నారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. ఇరవై మంది లోపు ఉంటే, మంచి వెలుతురులో మనుషుల సంఖ్యని మూడుతో భాగించండి, వెలుతురు తక్కువైతే రెండుతో. వచ్చినన్ని ఫోటోలు తీస్తే ఒక్కదాంట్లోనైనా అందరి కళ్లూ తెరిచి ఉండటం దాదాపు ఖాయం. పన్నెండు మందికి పగలు నాలుగు, రాత్రి ఆరు. యాభై మందికి చేరాక మంచి వెలుతురున్నా ఆశ వదులుకోవాల్సిందేనని వాళ్ల లెక్క. మీ పెద్ద ఫోటోలో ఎవరో ఒకరు కళ్లు మూసుకునే ఉంటారు. కెమెరా స్టాండ్ మీద కదలకుండా ఉంచి వరసగా ఎక్కువ తీస్తే, ఒకదాంట్లోంచి మొహం తెచ్చి ఇంకోదాంట్లో అతికించొచ్చు. చేయించుకుంటారో, మూసిన కళ్లే ఉంచుకుంటారో మీ ఇష్టం. నేనైతే ఉంచుకుంటాను.

పెళ్లయిన వారంలోపే ఆ ఐదు ఫోటోలూ ప్రింటు వేయించి, ప్రతిదాని వెనకా మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా, ఎడమ నుంచి కుడికి పేర్లు రాయించండి. బాల్‌పెన్ను గాడి ముందువైపు తేలుతుంది. ఫోన్లో ఉన్న కాపీకి క్యాప్షన్‌లో అవే పేర్లు ఎక్కించండి. నాయనమ్మగారి పక్కన కూర్చుని ఈ పని చేస్తే ఆవిడ పేర్లతో పాటు వరసలు కూడా చెబుతారు. ఇది మా ఇంట్లో ఎవరూ చేయలేదు కాబట్టే చెబుతున్నాను.

చివరగా మీ లిస్టు గురించి. పదకొండు గ్రూపులూ చదివాను. ప్రతి గ్రూపులో ఎవరుండాలో రాశారు, పిలిచేది ఎవరన్న చోట పదకొండుసార్లూ "నేను" అని రాశారు. ఆలోచించండి. ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని, "అత్తయ్య ఏదీ, మామయ్యని పిలవండి" అంటూ కెమెరా పక్కన నిలబడి ఉంటారు. ఎవరైనా మిమ్మల్ని రమ్మంటే ఏమంటారో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆ మాట తొమ్మిదేళ్ల కిందట మీ బాబాయి అన్నదే.

కాబట్టి ఆ కాగితం వేరేవాళ్ల చేతిలో పెట్టండి. ఈ ఫోటోల్లో ఉండనక్కర్లేని మనిషి కావాలి, కానీ మొహాలన్నీ తెలిసిన మనిషి. మీ చిన్నప్పటి స్నేహితురాలో, మీవారి తమ్ముడో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. పెళ్లికొడుకు వైపు నుంచి అలాంటి వాళ్లే ఇంకొకరు. గొంతు పెద్దదైతే మంచిది, మొహమాటం లేకపోతే ఇంకా మంచిది. వాళ్లకి పేర్లు రాసిచ్చేటప్పుడు మొదటి గ్రూపులో మొదటి పేరు మీది రాయండి. రెండో పేరు మీ పిన్నిగారిది. ఆవిడ పేరు లిస్టులో ఎక్కడా కనిపించలేదు నాకు.